కప్లెట్ 38కి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఐడెంటిఫికేషన్ కీలోని కప్లెట్ 38 గారికి,

జీవవైవిధ్యంలో ఎమ్మెస్సీ చదువుతున్న ఒక అభాగ్యురాలు నమస్కరించి వ్రాయునది. తమరిని ఎరగనివారి కోసం ఒక మాట: దొరికిన సాలీడు ఏ జాతిదో మెట్టుమెట్టుగా తేల్చే పుస్తకమే ఐడెంటిఫికేషన్ కీ, అందులో ప్రతి మెట్టు దగ్గరా 'ఇదా, అదా' అని అడిగే జంట వాక్యాలే కప్లెట్. మీరు క్షేమమని తలుస్తాను. అచ్చయిన నాటి నుంచి మీకు వచ్చిన కష్టమేమీ కనబడదు. నేను మాత్రం మధ్యాహ్నం అనగా మైక్రోస్కోప్ ముందు కూర్చుని, చీకటి పడ్డాక మీ గుమ్మం దగ్గరి నుంచే లేచి వచ్చాను.

మీకంటే ముందున్న కప్లెట్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. పెద్దమనుషులు. ఎనిమిది కళ్లేనా అన్నారు, అవునన్నాను. ముందు వరుసలో నాలుగు చిన్నవి, వాటి పైన రెండు పెద్దవి, ఇంకా వెనక మరో రెండు ఉన్నాయా అన్నారు. ఉన్నాయి. తోడేలు సాలీళ్ల కుటుంబం అని తేల్చి, కాసేపటికి పార్డోసా ప్రజాతిలో దించి వెళ్లారు. ఆ ప్రజాతిలో అయిదు వందలకు పైగా జాతులున్నాయని తెలిసీ ధైర్యంగానే ఉన్నాను. అప్పుడు తమరు ఎదురయ్యారు.

38ఎ. కాళ్లు కాస్త సన్నం. 39కి వెళ్లండి.
38బి. కాళ్లు అంత సన్నం కాదు. 44కి వెళ్లండి.

దేనికంటే, స్వామీ?

నా దగ్గర ఉన్నది ఒక్కటే సాలీడు. నేలలో పాతిన గ్లాసులో పడి, 70 శాతం ఆల్కహాలు సీసాలో ఒంటరిగా ఉంది. దాని కాళ్లు దాని కాళ్లంత సన్నంగా ఉన్నాయి. ఇంతకంటే నిజాయితీగా నేనేం చెప్పను? సన్నమో కాదో తేలాలంటే పక్కన రెండో జాతి సాలీడు పెట్టుకుని చూడాలి. అది ఫలానా జాతి అని ముందే తెలిసి ఉండాలి. అంత తెలిస్తే మీతో నాకేం పని? ఊరికి కొత్తగా వచ్చినవాణ్ణి 'పక్క సందు కన్నా కాస్త వెడల్పున్న సందులోకి తిరుగు బాబూ' అని పంపినట్టుంది మీ వ్యవహారం.

సరే, రెండు దారులూ చూద్దామనుకున్నాను. 39 వైపు వెళితే, పొట్ట కింది ఎపిజైన్ (జననాంగపు పలక) కోసి తీసి లోపలి నిర్మాణం చూడమన్నారు. తీశాను. లవంగ నూనెలో నానబెట్టాను. అది పారదర్శకమై, లోపలి గొట్టాలు చక్కగా కనబడ్డాయి. 'పటం 112తో పోల్చండి' అన్నారు. మాకు దొరికిన స్కాన్ కాపీలో పటం 112 ఒక నల్లటి మరక. వెనక్కి వచ్చి 44 వైపు వెళ్లాను. అక్కడ ఇలా ఉంది: 'మగది: పటం 120. ఆడది: తెలియదు.'

నాది ఆడది.

ఎవరో మహానుభావుడు ఒక మగ సాలీడును చూసి, వర్ణించి, పేరు పెట్టి వెళ్లిపోయాడు. దాని జోడీ సైన్సుకు తెలియదు. ఆ తెలియని ఆడ సాలీడు ఇప్పుడు నా సీసాలోనే ఉండవచ్చు. లేదా ఏ గడ్డిలో వెతికినా కనబడే మామూలు జాతి కావచ్చు. ఈ రెంటికీ మధ్య అడ్డంగా నిలబడింది ఎవరు? తమరే. కాలి పొడవు ఇంత, మందం ఇంత, వాటి నిష్పత్తి ఇంత అని ఒక్క అంకె రాస్తే తేలిపోయేది. కొలిచే స్కేలు కంటి ముందే, ఐపీస్‌లోనే ఉంటుంది కదా! క్లెర్క్ అనే ఆయన 1757లో అచ్చువేసిన సాలీళ్ల పుస్తకాన్ని, జంతువుల శాస్త్రీయ నామాలకు మొదలుగా లెక్కించే లిన్నేయస్ 1758 నాటి గ్రంథంతో పాటే 1758 జనవరి 1న వచ్చినట్టు భావించాలని పేర్లు పెట్టే నియమావళిలో రాసుకున్న శాస్త్రమిది. తేదీని జరిపే ఓపిక ఉన్నవాళ్లకు మిల్లీమీటరు రాసే ఓపిక లేకపోయిందా?

మీ బంధుగణం గురించి కూడా రెండు ముక్కలు. 'బతికి ఉన్నప్పుడు లేత పసుపు' అంటారొకరు. ఆల్కహాలులో రంగు దిగిపోయిన శవాన్ని పట్టుకుని నేనెవర్ని అడగాలి? పిల్ల సాలీడైతే అసలు లోపలికే రానివ్వరు, పెద్దయ్యాక రమ్మంటారు. డీఎన్ఏ బార్‌కోడ్ చేయించు (అంటే ఒక చిన్న డీఎన్ఏ ముక్కను చదివించి డేటాబేస్‌తో పోల్చు), అన్నీ తేలిపోతాయన్నారు. చేయించాను. డేటాబేస్‌లో సరిపోలిన రికార్డు మీద 'పార్డోసా ఎస్‌పి.' అని మాత్రమే ఉంది, అంటే ప్రజాతి తెలిసింది కానీ జాతి తేలలేదని. అంటే ఆ మనిషి కూడా మీ గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి తిరిగి ఉంటాడు. ప్రజాతుల పేర్లు మార్చే పెద్దల జోలికి ఇవాళ వెళ్లను, టెన్షన్ పెరుగుతుంది.

మా గైడు గారిని అడిగితే చిరునవ్వుతో, 'ఎస్‌పి. 3 (పేరు తేలని మూడో జాతి) అని రాసేయమ్మా' అన్నారు. రాయొచ్చు. జీవవైవిధ్యాన్ని ఒక్క అంకెలో చెప్పే షానన్ సూచికకు పేర్లతో పని లేదు. ఎన్ని రకాలు, ఒక్కో రకం ఎంత వంతు అనేదే దానికి కావాలి. సాఫ్ట్‌వేర్ గ్రాఫు గీస్తుంది, డిగ్రీ కూడా వస్తుంది. కానీ నాకు ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే. భూమి మీద దాదాపు 87 లక్షల జాతులు ఉండవచ్చని 2011లో ఒక అంచనా వేశారు. అప్పటికి జాబితాకెక్కినవి 12 లక్షలే. మిగతావి గుర్తించకముందే పోతున్నాయని మొదటి సెమిస్టర్‌లో కళ్లు చెమర్చేలా పాఠం చెప్పారు. ఎస్‌పి. 3 పోతే ఎవరికి తెలుస్తుంది? ఏది పోయిందని రాస్తారు? గుర్తుపట్టడానికి ముందుకొచ్చినవాళ్లను 'కాస్త', 'అంత', 'కొంచెం' అంటూ గుమ్మంలోంచే తిప్పి పంపేసి, వర్గీకరణ శాస్త్రవేత్తలు కరువయ్యారని మళ్లీ మీరే సెమినార్లలో వాపోతారు. సిగ్గుండాలి!

క్షమించండి, నోరు జారింది. అన్నమాట వెనక్కి మాత్రం తీసుకోను.

మిమ్మల్ని రాసినాయన ఏ మసక దీపం కింద, ఎన్ని వందల సాలీళ్లను పక్కపక్కన పెట్టుకుని చూశాడో నేను ఊహించగలను. ఆయన కంటికి 'కాస్త సన్నం' అంటే ఎంతో స్పష్టంగా తెలిసి ఉంటుంది. ఆ కన్ను పుస్తకంతో పాటు ఇవ్వలేదు కదా మరి. నిజం చెప్పాలంటే, మీ ముందున్నవాళ్ల చలవ వల్ల ఇప్పుడు గోడ మీద సాలీడు కనబడితే చాలు, ముందు దాని కళ్ల వరుస చూస్తున్నాను. ఆ పాటి రుణం ఒప్పుకుంటాను.

కాబట్టి మనవి ఏమిటంటే, తదుపరి ముద్రణలో 38 దగ్గర ఒక అంకె వేయించండి. పటం 112 మళ్లీ గీయించండి. నా సాలీడును మ్యూజియంలో ఉన్న నమూనాల పక్కన పెట్టి చూడటానికి అనుమతి కోరుతూ అర్జీ పెట్టుకున్నాను. జవాబు వచ్చేదాకా దాని సీసా మీద ఎస్‌పి. 3 అని పెన్సిల్‌తోనే రాసి ఉంచుతాను. ఈలోగా దయచేసి ప్రజాతి పేరు మాత్రం మార్చకండి, కనీసం నా థీసిస్ బైండింగ్ అయ్యేదాకా.

ఇట్లు,
39కీ 44కీ మధ్య ఇరుక్కున్న మీ విధేయురాలు