32 క్లిక్కుల పరిపాలన

మన నగరంలో సామాన్య పౌరుడి చేతిలో తిప్పడానికి ఏమీ లేదు. మంచినీళ్ల వాల్వు తిప్పేవాడు వేరు, సిగ్నల్ దీపం మార్చేవాడు వేరు, ఫ్యాను రెగ్యులేటరు ఏ అంకె దగ్గర ఆగాలో మా ఇంట్లో తేల్చేది మా అమ్మ. ఈ నిస్సహాయతకు విరుగుడుగా నేను నా కారుకు కాయిలోవర్లు, అంటే ఎత్తునూ కుదుపునూ మనమే సర్దుకోగల స్ప్రింగు, షాకబ్జార్బరు జతలు, వేయించుకున్నాను. ఒక్కో షాకబ్జార్బరు నెత్తిన బొటనవేలంత పిడి, ఆ పిడికి 32 క్లిక్కులు. నాలుగు చక్రాలకు కలిపి 128. ఇన్ని ఎంపికలు ఏ ఎన్నికల్లోనూ నా ముందుకు రాలేదు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వినవాళ్లు ఉన్నారు. హైదరాబాదులో సగం మంది ఎత్తైన బండ్లు కొని మెట్టెక్కి కూర్చుంటుంటే, నేను డబ్బిచ్చి మరీ నా సెడాన్‌ను 40 మిల్లీమీటర్లు కిందికి దించుకున్నాను. నేలకూ కారు కడుపుకూ మధ్య 165 ఉండేది, ఇప్పుడు 125. బరువు నేలకు దగ్గరైతే మలుపులో కారు తక్కువ ఒరుగుతుంది. ఇది భౌతికశాస్త్రం. నాచారంలో అలాంటి మలుపు ఎక్కడుంది, ఉన్నా అంత వేగం ఎప్పుడు దొరుకుతుంది అని అడిగేవాళ్లను శాస్త్రానికి శత్రువులుగానే పరిగణించాలి.

ముందుగా ఒక అపోహ తొలగించడం నా బాధ్యత. పిడి తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని మా అపార్ట్‌మెంటులో చాలామంది నమ్ముతున్నారు. గట్టిపడదు. స్ప్రింగు గట్టితనం దాని పుట్టుకతోనే వస్తుంది. నావి మిల్లీమీటరుకు 8 కేజీల స్ప్రింగులు. అంటే 8 కేజీల బరువు పడితే ఒక్క మిల్లీమీటరు దిగుతాయి. అంతకు మించి వంగడం వాటి వంశంలో లేదు. పిడి మార్చేది షాకబ్జార్బరు లోపల నూనె దూరే దారిని. దారి ఇరుకైతే నూనె తాపీగా కదులుతుంది, స్ప్రింగు ఊగిసలాట త్వరగా అణుగుతుంది, ఆ శక్తి వేడిగా మారిపోతుంది. మరీ ఇరుకు చేస్తే చక్రం గుంతలోకి దిగి పైకి వచ్చే లోపే తరువాతి గుంత వచ్చేస్తుంది. మరీ వదులు చేస్తే ఒక్క గుంతకు కారు మూడుసార్లు తలూపుతుంది. నడుమ ఎక్కడో స్వర్గం ఉందని, పిడిని పూర్తిగా బిగించి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రెండేసి క్లిక్కులు మారుస్తూ వెతకాలని, ప్రతి మార్పునూ నోటు పుస్తకంలో రాసుకోవాలని శాస్త్రం చెబుతోంది. నా దగ్గర అలాంటి పుస్తకాలు రెండు నిండాయి. స్వర్గం ఇంకా దొరకలేదు కానీ, అది ముందు చక్రాలకు 14కూ 18కీ మధ్య ఉందని రూఢి అయింది.

ఎత్తు మార్చడం మరో తపస్సు. షాకబ్జార్బరు ఒంటికి మరలు కోసి ఉంటాయి. కింది లాక్ రింగు వదులు చేసి, సి ఆకారపు స్పానరుతో పై రింగు తిప్పితే స్ప్రింగు కూర్చునే పీట పైకో కిందికో జరుగుతుంది. ఎడమ ఎన్ని చుట్లో కుడి అన్నే చుట్లు. తరువాత చక్రం నడిబొడ్డు నుంచి పైనున్న రేకు అంచు వరకు టేపుతో కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తగ్గినా కారు పొట్టిదైపోతుంది. జాకీ దించిన వెంటనే కూడా కొలవకూడదు. చక్రాలు లోపలికి లాక్కుని ఉంటాయి కాబట్టి కారు కాసేపు అబద్ధం చెబుతుంది. నాలుగడుగులు నడిపించాకే నిజం పలుకుతుంది.

ఇవన్నీ చదును నేల మీద చేయాలట. ఆ మాట రాసినవాడు హైదరాబాదు వచ్చి ఉండడు. ఈ ఊరు బండరాళ్ల మీద పుట్టింది. బంజారాహిల్స్‌లో నిలబెట్టిన కారు ఎటువైపు చూస్తున్నా కిందికే చూస్తుంది. మా సెల్లారు నేల నీళ్లు సంపులోకి పోవాలని వాలుగా వేశారు, నీళ్లు మాత్రం లిఫ్టు గుంతలోకి పోతాయి. నీటిమట్టం గొట్టం పట్టుకుని మూడు ఆదివారాలు తిరిగితే నాకు దొరికిన సమతలం ఒక పెట్రోలు బంకులో గాలి కొట్టే చోటు. అక్కడి అబ్బాయి మొదట నన్ను తనిఖీకి వచ్చిన అధికారి అనుకుని టీ తెప్పించాడు. రెండోసారి టేపు చూసి టీ మానేశాడు.

కారు దించగానే చక్రాల వాలు మారుతుంది, అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. నేను వారం వాయిదా వేశాను, నెలలోనే టైర్ల లోపలి అంచులు సెలూనుకు వెళ్లివచ్చినట్టు నున్నగా తయారయ్యాయి. దీని గురించి ఇంతకు మించి రాయడం ఆరోగ్యానికి మంచిది కాదు.

ఇక రోడ్డు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ప్రచురించిన ప్రమాణం ప్రకారం మామూలు రోడ్డు మీది స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాల్సింది, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటగలగాల్సింది. మా వీధి మొదట్లో ఉన్నదాన్ని నేను స్వయంగా కొలిచాను. నడుమ 15 సెంటీమీటర్లు, అంచున 12, వెడల్పు ఒక చాప అంత. దీన్ని బ్రేకరు అనడం దాని వినయానికి భంగం. దాని తీరు సమాధిది. కింద ఎవరున్నారో తెలియదు కానీ, నా ఇంజిను చాంబరు మాత్రం వారిని రెండుసార్లు పలకరించింది.

ఈ సందర్భంలో ఒక చట్టపరమైన సందేహం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటను గట్టిగానే చెప్పింది. చట్టం దృష్టిలో నేను దోషినైతే తలవంచుతాను, కారు ఎలాగూ ముందే వంచింది. అయితే రోడ్లకు ఈ సెక్షను ఎందుకు లేదు? పాత పొరను గీకకుండా కొత్త పొర వేస్తూ పోతే మా వీధి ఏటా పెరుగుతోంది. మ్యాన్‌హోల్ మూతలు ఒకచోట బావుల్లా, మరోచోట అరుగుల్లా ఉన్నాయి. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన మా ఎదురింట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. నేను 40 మిల్లీమీటర్లు దించితే నేరం, వీధి అడుగున్నర పెరిగితే అభివృద్ధి.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. 158 కిలోమీటర్లు, గంటకు 120 వరకు అనుమతి. అక్కడ నా కారు తంబుర తీగ మీద వేలు జారినట్టు పోతుంది. నిజంగా, ఆ పది నిమిషాల కోసం ఖర్చంతా మాఫీ చేయవచ్చు. ఘట్‌కేసర్ దగ్గర రింగు రోడ్డు ఎక్కడానికి మా ఇంటి నుంచి దాటవలసిన బ్రేకర్లు 19.

అసలు సంగతి మా అమ్మది. వెనుక సీటు ఆమెది, నడుము నొప్పి కూడా ఆమెదే. ఒకసారి పెద్దమ్మ గుడికి వెళ్లి వచ్చాక, "నాయనా, ఇది కారా, రోకలా?" అని అడిగింది. వెనుక చక్రాలు నాలుగు క్లిక్కులు వదులు చేస్తానని మాట ఇచ్చాను. వాటి పిడులు డిక్కీలోంచి అందుతాయి. మరుసటి శుక్రవారం ఆ పని మరిచిపోయాను. ఆమె లిఫ్టు దిగి వస్తుంటే గబగబా డిక్కీ తెరిచి, మూసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఎదురు వెళ్లాను. తిరుగు ప్రయాణంలో పంజాగుట్ట దాటాక అమ్మ వెనక్కి వాలి, "ఇవాళ ప్రాణానికి హాయిగా ఉంది" అంది.

ఆ క్షణంలో నాకు పరిపాలన అంటే ఏమిటో బోధపడింది. ప్రజలు కోరేది క్లిక్కులు కాదు, డిక్కీ తెరిచిన చప్పుడు. అప్పటి నుంచి నెలకోసారి తెరుస్తున్నాను. మా అబ్బాయికి గట్టిగా కావాలి, వాడి కోసం ఇంకాస్త జోరుగా మూస్తున్నాను. ఇద్దరూ తృప్తిగా ఉన్నారు, పిడి ఉన్నచోటే ఉంది. ఈ పద్ధతిని మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శికి వివరించాను. నాలుగో అంతస్తుకు నీళ్లు సన్నగా వస్తున్నాయన్న ఫిర్యాదు మూడేళ్లుగా ఉంది. ఆయన టార్చిలైటు పట్టుకుని మోటారు గదిలోకి వెళ్లి, పావుగంట కూర్చుని, చెమటతో బయటికి వచ్చారు. ఫిర్యాదుదారు ఆ రోజే చెల్లించని నిర్వహణ రుసుము కట్టేశారు.

అయితే సమాధి దగ్గర డిక్కీ చప్పుడు పనిచేయదు. దానికి నిజమైన మిల్లీమీటర్లే కావాలి. లెక్క సులువు. అమ్మ బరువు 56 కేజీలు, వెనుక రెండు స్ప్రింగులకూ సమంగా పంచితే ఒక్కోదానికి 28. మిల్లీమీటరుకు 8 కేజీలు కాబట్టి ఆమె దిగితే కారు మూడున్నర మిల్లీమీటర్లు లేస్తుంది. నిండు కారుతో అంచు మీదుగా దాటడానికి తగ్గుతున్నది సరిగ్గా అంతే. అందుకని ఆ బ్రేకరు రాగానే అమ్మ అలవాటుగా దిగి, అవతలికి నడిచి వెళ్తుంది. నేను ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నే ఎక్కిస్తూ, ఊపిరి బిగబట్టి దాటిస్తాను. వెనుక ఆటోలవాళ్లు హారను కొట్టడం కూడా మానేశారు, బండి దిగి చూస్తున్నారు.

మొన్న ఆదివారం కూడా అలాగే దాటించాను. ఈలోగా అమ్మ పక్కనున్న తోపుడు బండి దగ్గర బేరమాడి, రెండు చేతులతో గుమ్మడికాయ మోసుకుంటూ వచ్చి సీట్లో కూర్చుంది. నాలుగు కేజీలు ఉంటుంది. ఒక్కో స్ప్రింగుకు రెండు, అంటే పావు మిల్లీమీటరు. ముందు ఇంకా 18 ఉన్నాయి.

"అమ్మా, ఆ కాయ కాస్త ముందు సీట్లో పెట్టవా" అన్నాను.

"డిక్కీ తెరిచి రెండు క్లిక్కులు తిప్పు నాయనా, సరిపోతుంది" అంది.