తరువాతి కుబుసంతో అన్నీ పోవు

పాములు పెంచేవాళ్ల మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది: "చర్మానికి ఏమొచ్చినా కంగారు వద్దు. అంటుకున్న కుబుసం చేత్తో లాగేయండి, నూనె రాయండి, మిగతాది తరువాతి కుబుసంతో అదే పోతుంది." ఇందులో పావు వంతు నిజముంది. చిక్కంతా మిగతా ముప్పావుతోనే.

"లాగేయండి." ఎండిన పొర కనబడితే వేళ్లు ఊరుకోవు, నాకూ తెలుసు. కానీ కుబుసానికి ముందు పాము రంగు వెలిసి, కళ్లు పాలనీలంగా మసకబారతాయి. పాత పొరకీ కొత్త పొరకీ మధ్య ద్రవం చేరడమే అందుకు కారణం. కళ్లు మళ్లీ తేటపడ్డాక కొద్ది రోజులకి మూతి దగ్గర విడివడి, మేజోడు తిరగేసినట్టు ఊడొస్తుంది. ఆలోపు లాగితే కింద ముదరని చర్మం కూడా చిరుగుతుంది. ముక్కలుగా మిగిలిందంటే చాలాసార్లు తేమ చాలలేదన్నమాట. బాల్ పైథాన్ అనే చిన్న రకం కొండచిలువకి గాల్లో తేమ దాదాపు 60 శాతం ఉండాలి. గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన తువ్వాలు మీద, మీరు పక్కనే ఉండి, అరగంట పాకనివ్వండి. అదే రాసుకుని వదిలించుకుంటుంది.

కంటి జోలికి మాత్రం పోవద్దు. పాముకి రెప్పలుండవు, పారదర్శకమైన పొలుసొకటి కన్నుని కాస్తుంటుంది. విడిచిన కుబుసం తల భాగాన్ని వెలుతురుకెత్తి చూడండి: రెండు గాజుబొట్లలా కంటి పొరలు కనబడాలి. ఒకటి లేకపోతే అది కంటి మీదే ఉండిపోయి ఉండొచ్చు. పట్టకారుతో పీకబోతే కింది పొలుసూ చిరిగి కన్నే పోవచ్చు. కోతిపుండు బ్రహ్మరాక్షసి అవుతుంది.

"నూనె రాయండి." నూనె తేమ కాదు. పుండు మీద రాస్తే మురికి పట్టుకుంటుంది, అంతే.

"తరువాతి కుబుసంతో పోతుంది." చిన్న గీతలకి సరే. తోక చివర ఉంగరంలా మిగిలిన పొర అప్పటిదాకా ఆగదు, బిగుసుకుని రక్తం ఆడనివ్వక కొసని ఎండబెట్టేస్తుంది. పొట్ట పొలుసులు ఎర్రబడి, గోధుమరంగుకి తిరిగి, బొబ్బలెక్కితే అది స్కేల్ రాట్, అంటే పొలుసులు కుళ్లే జబ్బు కావచ్చు. డబ్బాలో పాము కింద పరిచిన పరుపు తడిగా, మురికిగా ఉండడం దానికి మామూలు కారణం. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ (వెచ్చదనానికి పెట్టే కరెంటు చాప) కాల్చినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. పొడి పేపర్ టవల్స్ మీదకి మార్చి డాక్టర్‌కి చూపించండి. ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్తే పాము దక్కడం కష్టం.

మైట్స్ (పాము రక్తం పీల్చే చిన్న పురుగులు) అయితే గుండుసూది తలంత నల్ల చుక్కలు గడ్డం గాడిలో, కళ్ల అంచుల్లో కదులుతుంటాయి. పాము గంటల తరబడి నీళ్ల గిన్నెలోనే ముడుచుకు పడుకుంటుంది. అవి గుడ్లు పెట్టేది ఎక్కువగా డబ్బా సందుల్లో. పాము కుబుసం విడిచినంత మాత్రాన గూడు శుభ్రపడదు. పరుపు పారేసి, సందులన్నీ కడగాలి. కుక్కల పేలమందు అంచనాగా వేయొద్దు, మోతాదు తప్పితే పాముకే విషం.

ఇంకొకటి. ఫంగస్ పట్టినా, చర్మం దెబ్బతిన్నా పాము మామూలుకన్నా తరచుగా కుబుసం విడుస్తుంది. దాన్ని చూసి "నయమవుతోంది" అని మురిసిపోతుంటారు. కుబుసం తేదీలు రాసిపెట్టుకోండి. ఎడం ఉన్నట్టుండి తగ్గితే మరో కుబుసం కోసం ఎదురుచూడకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.