ఎర్రర్ 18456 గారికి ఒక ఉత్తరం

డేటాబేస్ సర్వర్ గుమ్మంలో నిలబడి లాగిన్ కానివ్వని మహారాజశ్రీ 18456 గారి సముఖానికి నమస్కరించి రాయునది ఏమనగా, అక్కడ మీరు క్షేమమే, సోమవారం మధ్యాహ్నం నుంచీ మీ ముఖమే చూస్తున్నాను కాబట్టి అడగక్కర్లేదు. ఇక్కడ మేం మాత్రం క్షేమంగా లేము.

ముహూర్తాల ముందు ఆండర్సన్ వీధి ఎలా ఉంటుందో మద్రాసులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. మీరేమో సరిగ్గా ఆ వేళ చూసుకుని మా శుభలేఖల షాపులో మూడు కౌంటర్లూ ఆపేశారు. సూళ్ళూరుపేట నుంచి వచ్చిన పెళ్ళికూతురి తండ్రి కార్డుల కట్టలు ఒళ్ళో పెట్టుకుని లోకల్ ట్రైన్ టైము చూసుకుంటున్నాడు, కౌంటర్లో అమ్మాయి "అన్నా, మళ్ళీ అదే వచ్చిందన్నా" అంటోంది, శెట్టిగారు ఏమీ అనకుండా నా వెనక నిలబడి ఉన్నారు. ఆయన తిట్టినా బాగుండేది.

పాత కంప్యూటర్ డిస్క్ పోయేలా ఉందని ఆదివారం కొత్త మెషీన్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, బ్యాకప్ రీస్టోర్ చేసి, కౌంటర్ల లాగిన్ అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో పెట్టాను. ఎక్స్‌ప్రెస్‌లో వేరే కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద వచ్చే దారి, టీసీపీ, మొదట ఆపేసి ఉంటుంది, అది ఆన్ చేశాను. విండోస్ లాగిన్లతో పాటు సర్వర్ సొంత లాగిన్లని కూడా ఒప్పుకునే మిక్స్‌డ్ మోడ్ పెట్టి సర్వీస్ రీస్టార్ట్ చేశాను. ఇంత చేస్తే మీరు చెప్పింది ఒక్క ముక్క: లాగిన్ ఫెయిల్డ్ ఫర్ యూజర్.

ఫెయిలైందని తెలుస్తూనే ఉంది స్వామీ. ఎందుకు?

మీకు తెలుసు. అదే నా బాధ. తెలియకపోతే పోనీలే అనుకునేవాణ్ణి. ఆ పేరుతో లాగిన్ లేకపోతే స్టేట్ 5, పాస్‌వర్డ్ తప్పయితే 8, సర్వర్ విండోస్ లాగిన్లని మాత్రమే ఒప్పుకునే మోడ్‌లో ఉంటే 58, అడిగిన డేటాబేస్ తెరవలేకపోతే 38, ఇలా ప్రతిదానికీ ఒక నంబరు పెట్టుకుని, పక్కన కారణం కూడా రాసుకుని, అంతా లాగ్‌లో దాచుకుని, బయట నిలబడ్డవాడికి మాత్రం ఎప్పుడూ స్టేట్ 1 అని ఒకటే చూపిస్తారు. పాస్‌వర్డ్ తప్పు కొట్టినవాడికీ అదే, సరిగ్గా కొట్టినవాడికీ అదే.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ సపోర్ట్ అబ్బాయి గురించి రెండు ముక్కలు. ముందు "పాస్‌వర్డ్ చూసి కొట్టండి సర్" అన్నాడు. తర్వాత ఫైర్‌వాల్ తీసెయ్యమన్నాడు. లోపలివాడు పో అంటున్నాడంటే నేను గుమ్మం దాకా వచ్చినట్టే కదా బాబూ, మధ్యలో ఫైర్‌వాల్ ఏం చేసింది! చివరికి అసలు మందు చెప్పాడు: "అన్ని కౌంటర్లకీ ఎస్ఏ ఇచ్చెయ్యండి సర్, అందరూ అదే చేస్తారు." ఎస్ఏ అంటే సర్వర్ తాళాలన్నీ చేతిలో ఉండే అడ్మిన్ అకౌంట్. అందరూ చేస్తారన్న మాట మాత్రం నిజమే, పక్క షాపులో ఎస్ఏ పాస్‌వర్డ్ డైలీ క్యాలెండర్ అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. ఇంకో సంగతి, మీకంటే ముందు 4060 అని ఒకరు వచ్చి డేటాబేస్ తెరుచుకోలేదని చెప్పే ఉంటారు, ఆ మాటని ఈ సాఫ్ట్‌వేర్ మింగేసి మిమ్మల్ని ఒక్కర్నే తెర మీద నిలబెట్టింది. ఆ పాపం మీది కాదు, ఒప్పుకుంటున్నాను.

సరే, లాగ్ ఫోల్డర్‌కి వెళ్ళాను. దానికీ పర్మిషన్ లేదంది, కంటిన్యూ నొక్కాక తెరుచుకుంది. ఎర్రర్‌లాగ్ అని ఉన్న ఫైలుకి తోక కూడా లేదు, డబుల్ క్లిక్ చేస్తే దేంతో తెరవాలని నన్నే అడుగుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అదిగో, సెవెరిటీ 14, స్టేట్ 38, అంటే లాగిన్ అడిగిన డేటాబేస్ తెరుచుకోలేదు. మధ్యాహ్నమంతా తెచ్చి అక్కడ పోశాను.

అప్పటికైనా వదిలారా? ఆ లాగిన్‌కి డేటాబేస్ మీద టిక్ పెడదామని వెళ్తే 15023 వచ్చింది, ఈ యూజర్ ఇక్కడ ఆల్రెడీ ఉన్నాడట! చచ్చిపోయాడని పెన్షన్ ఆపేసి, కొత్తగా దరఖాస్తు పెడితే మీ పేరు జాబితాలో ఉంది కదా అని తిప్పి పంపినట్టుంది మీ ఇంటి వ్యవహారం. విషయమేంటంటే లాగిన్ ఉండేది సర్వర్ తాలూకు మాస్టర్ అనే డేటాబేస్‌లో, యూజర్ ఉండేది మన షాపు డేటాబేస్‌లో, ఇద్దర్నీ కలిపేది పేరు కాదు, ఎస్‌ఐడీ అనే గుర్తింపు. బ్యాకప్‌తో యూజర్ పాత ఎస్‌ఐడీతో వచ్చాడు, కొత్త సర్వర్‌లో పెట్టిన లాగిన్‌కి కొత్త ఎస్‌ఐడీ వచ్చింది. పేరు ఒకటే, మనుషులు వేరు. అనాథ యూజర్ అంటారు. ఆల్టర్ యూజర్ కౌంటర్ విత్ లాగిన్ ఈజ్ ఈక్వల్ టు కౌంటర్ అని ఒక్క లైను కొడితే మూడు కౌంటర్లూ లేచి కూర్చున్నాయి.

"ఇంతేనా నాయనా?" అన్నారు శెట్టిగారు. ఏం చెప్పను?

దొంగలకి ఆనవాలు దొరక్కూడదని మీరు నోరు విప్పరని నాకూ తెలుసు. 2002లో స్పైడా అనే కంప్యూటర్ పురుగు పాస్‌వర్డ్ లేని ఎస్ఏ అకౌంట్లు వెతుక్కుంటూ నెట్టంతా తిరిగిన సంగతి మర్చిపోలేదు. అందుకే ఎస్ఏ ఇచ్చెయ్యమంటే కుదరదన్నాను, శెట్టిగారి ముందు మీ తరఫున వాదించాను కూడా. కానీ అదే మెషీన్ ముందు కూర్చుని, సర్వర్ మొత్తం చేతిలో ఉన్న అడ్మిన్‌ని కూడా దొంగని చూసినట్టు చూస్తే ఎలా అండీ? ఒళ్ళు మండదా?

రేపు ఆడిటర్ గారి అబ్బాయికి రిపోర్టులు చూసుకునే లాగిన్ ఇవ్వాలి. డేటా చదవడానికి మాత్రమే పనికొచ్చే డీబీ డేటారీడర్ ఒక్కటే ఇస్తాను. ఆ రిపోర్టులన్నీ ప్రొసీజర్లు, అంటే సర్వర్‌లో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములు, కాబట్టి వాటిని నడిపే ఎగ్జిక్యూట్ హక్కు లేదని 229 గారు వస్తారు, రానివ్వండి. ఏ హక్కు లేదో, దేని మీద లేదో, ఏ డేటాబేస్‌లో లేదో పేరు పెట్టి చెప్తారాయన. ఒకే ఇంట్లో ఉంటారు కదా, ఒక పూట ఆయన పక్కన కూర్చుని నేర్చుకోకూడదూ?

ఇట్లు,
మీ దృష్టిలో ఎప్పటికీ స్టేట్ 1,
ఆండర్సన్ వీధి కంప్యూటర్ వాడు