రూమ్ టెంపరేచర్ గారికి బహిరంగ లేఖ

రూమ్ టెంపరేచర్ గారికి నమస్కరించి వ్రాయునది.

ల్యాబ్ మాన్యువల్స్‌లో మీరు చాలా పద్ధతైన మనిషి. 20 నుంచి 25 డిగ్రీల మధ్య బుద్ధిగా ఉంటారట. మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయిన బెజవాడ కలెక్షన్ సెంటర్లో మిమ్మల్ని చూసినవాళ్లెవరూ ఆ మాట రాసి ఉండరు. అయినా అక్కడా మీ పేరు అదే, మర్యాదా అంతే.

షుగర్ శాంపిల్ మీద మీ ప్రతాపం పాత కథే. ఇప్పుడు మతిమరుపు పరీక్షల మీద కన్నేశారు. 2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అల్జీమర్స్‌కు మొదటి రక్తపరీక్షను అనుమతించింది, 55 ఏళ్లు నిండి లక్షణాలున్న వాళ్ల కోసం. ప్లాస్మాలో, అంటే కణాలు తీసేశాక మిగిలే రక్తద్రవంలో, పి-టావ్ 217 అనే ప్రొటీన్ ఎంతుందో కొలిచి, దాన్ని అమైలాయిడ్ బీటా 42 అనే ఇంకో ప్రొటీన్ ముక్క మోతాదుతో భాగిస్తారు. పి-టావ్ మొండి ఘటం, కొన్ని గంటలు మీ దగ్గరున్నా పెద్దగా చలించదు. అమైలాయిడ్‌కు అంత ఓపిక లేదు. ఊదా మూత ట్యూబులో తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పకుండా స్టాండులో వదిలేస్తే గంటలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ప్లాస్మా వేరుచేశాక బల్ల మీదే ఉంచేసినా అంతే. హారం తగ్గితే భాగఫలం పెరుగుతుంది. పెరిగితే రిపోర్టు పాజిటివ్ వైపు జరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయింది టెక్నీషియన్, మతిమరుపు ముద్ర మాత్రం పెద్దాయనకి!

మీ తెలివికి జోహార్లు. రోగమొచ్చినా అమైలాయిడ్ 42 తగ్గుతుంది, మీ చేతిలో పడినా తగ్గుతుంది. 42ని దాని తోబుట్టువు అమైలాయిడ్ 40తో పోల్చే పరీక్షలో రెండూ కలిసి తగ్గుతాయి కాబట్టి మీ పప్పులు అంతగా ఉడకవు. కానీ ఆ నిష్పత్తిలో రోగికీ ఆరోగ్యవంతుడికీ రక్తంలో ఉండే తేడాయే పది, పదిహేను శాతం. వెన్నునీటిలో అయితే దాదాపు సగానికి పడిపోతుంది. మీరు దూరడానికి ఆ పదిశాతం సందు చాలదా?

హోమ్ కలెక్షన్ కుర్రాడి బ్యాగులో ఐస్ ప్యాక్ ఉదయం ఏడింటికి రాయిలా ఉంటుంది. పది ఇళ్లు తిరిగేసరికి గోరువెచ్చని నీళ్ల సంచీ. రిపోర్టులో శాంపిల్ తీసిన టైమూ, ల్యాబ్‌కి అందిన టైమూ నిమిషాలతో సహా ఉంటాయి. మధ్యలో ట్యూబు ఎవరి పక్కన కూర్చుందో రాయడానికి గడే లేదు.

వెంటనే తిప్పాలని, ఆలస్యమైతే 2–8 డిగ్రీల్లో ఉంచాలని, ఎక్కువకాలం దాచాలంటే మైనస్ 80 కావాలని పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. మా ఊళ్లో మైనస్ 80 ఎక్కడిదండీ, ఉన్నది మీరే. కాబట్టి ఒక్కటే మనవి: పెద్దాయన రిపోర్టు కింద డాక్టరు గారి పక్కన మీరూ ఓ సంతకం పెట్టండి.

ఇట్లు,
ఊదా మూత ట్యూబుల తరఫున