బొచ్చు రాలిన ప్రతి కుక్కకూ గజ్జి ఉన్నట్టు కాదు, ఇంజనాయిల్ మందు కాదు

"కుక్కకు బొచ్చు రాలుతోందంటే గజ్జే. పిల్లలకు అంటుకుంటుంది. వెంట్రుక కడుపులోకి పోతే గడ్డ కడుతుంది. గుడ్లు, మాంసం మాన్పించండి. ఎండలు మొదలవగానే గుండు చేయించి, పాత ఇంజనాయిల్ రాయండి." పటమటలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, గుంటూరు చుట్టాల గ్రూపులో మరోసారి, మళ్లీ మళ్లీ ఇదే మెసేజ్. పంపేవాళ్లంతా నాకు కావలసినవాళ్లే, అందుకే ఊరుకోలేకపోతున్నాను.

లాబ్రడార్‌కు, పామెరేనియన్‌కు పైబొచ్చు కింద మెత్తటి పొర ఒకటి ఉంటుంది. కాలం మారేటప్పుడు అది గుత్తులుగా ఊడుతుంది. ఈనిన కుక్కకు కొన్ని వారాల తర్వాత బాగా రాలి, తిరిగి వస్తుంది. కొన్ని డాష్‌హండ్‌ల చెవులు బోడిగా ఉంటాయి. కొన్ని బాక్సర్లకు నడుముకు రెండు పక్కలా బొచ్చు ఊడి, నెలల తర్వాత మొలుస్తుంది. దురద, ఎరుపు, వాసన లేకుండా కుక్క హుషారుగా తింటుంటే టెన్షన్ పడక్కర్లేదు. నీళ్లు విపరీతంగా తాగుతున్నా, పొట్ట జారినా మాత్రం హార్మోన్ల తేడా కావచ్చు, రక్తపరీక్ష చేయించాలి.

మింగిన వెంట్రుక మలంతో పోతుంది. మనుషుల్లో గడ్డలు కట్టించేది కుక్క మలంలో వచ్చే ఒక రకం బద్దెపురుగు గుడ్లు, అవి రాకుండా కుక్కకు డీవార్మింగ్ చేయించాలి, అంటే పురుగుల మందు వేయించాలి. గుడ్లు, మాంసం సంగతా? బొచ్చు తయారయ్యేదే ప్రోటీన్‌తో, అవి మాన్పించక్కర్లేదు.

గుండు వద్దు. రోహిణి కార్తె ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడేది ఆ బొచ్చే. పామెరేనియన్‌కు గొరిగిస్తే ఏడాది దాటినా సరిగా రాకపోవచ్చు. రోజూ దువ్వండి చాలు.

ఇక ఇంజనాయిల్. ఆటోనగర్ షెడ్డులో ఊరికే దొరుకుతుంది కదా అని తెచ్చి రాస్తున్నారు. అందులో లోహాల పొడి, కాలిన రసాయనాలు ఉంటాయి. చర్మం పొక్కుతుంది. కుక్క ఒళ్లు నాక్కుంటుంది కాబట్టి అదంతా కడుపులోకి పోతుంది. వాంతి చేసుకుంటే ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా రావచ్చు. మీ పిల్లాడి తలకు రాస్తారా ఆ నూనె? "మా కుక్కకు తగ్గింది" అంటారు. దానంతటదే మొలిచే బొచ్చు మొలిచింది, పేరు ఆయిల్‌కు వచ్చింది. తగ్గని కుక్కల గురించి ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

అంటుకుంటుందన్న మాటలో మాత్రం నిజం ఉంది, ఒప్పుకుంటాను. తామర, సార్కోప్టిక్ గజ్జి (చర్మంలో దూరే ఒక రకం సూక్ష్మమైన పురుగు వల్ల వచ్చేది) మనుషులకూ వస్తాయి. కుక్క నిద్ర మాని గోక్కుంటున్నా, చెవి అంచుల్లో పొక్కులు కట్టినా, ఇంట్లోవాళ్లకు దద్దుర్లు లేచినా ఆగకండి. డెమోడెక్స్ అనే మరో రకం పురుగు వల్ల వచ్చే గజ్జి అయితే మనకు అంటదు. ఏదేమిటో ఫొటో చూసి చెప్పలేం. గన్నవరం వెటర్నరీ కాలేజీకో, దగ్గర్లోని పశువుల డాక్టరు దగ్గరికో తీసుకెళ్లండి. చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తారు, గజ్జికి ఇప్పుడు మంచి మాత్రలున్నాయి.

ఇప్పటికే ఆయిల్ రాసి ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్‌తో, గోరువెచ్చని నీళ్లతో కడిగేయండి. నాకనివ్వకండి, వాంతి చేయించకండి. ఈరోజే డాక్టరుకు చూపించండి.