‘మీ రచన ఎంపికైంది’ ఈమెయిల్ గారికి

మహారాజశ్రీ ‘కంగ్రాచ్యులేషన్స్, మీ రచన ఎంపికైంది’ ఈమెయిల్ గారికి,

ఉభయకుశలోపరి.

నేను మీకు ఏ రచనా పంపలేదు. అయినా ఎంపిక చేశారు. ఇక్కడ పత్రికలకి కథ పంపి నెలల తరబడి ఎదురు చూసినా అందిందన్న మాట కూడా రాదు. పంపని కథని చదివి, మెచ్చుకుని, అంతర్జాతీయ పురస్కారానికి ఎన్నుకుని, ఫీజు వివరాలు కూడా జతచేసి పంపే సంపాదకులు మీరొక్కరే.

ఇదివరకు మీ భాష కాస్త మొరటుగా ఉండేది. ‘డియర్ ఎస్టీమ్డ్ ఆథర్’ అని మొదలుపెట్టి రెండో లైన్లోనే డబ్బు అడిగేవారు. ఏఐ చేతికొచ్చాక మీ పొగడ్త బాగా నునుపెక్కింది. పుస్తకం పేరూ, వెనక అట్ట మీది నాలుగు ముక్కలూ అందులో పడేస్తే పేజీడు సమీక్ష తయారు. మా మిత్రుడొకాయన పెసర, మినుము సాగు మీద చిన్న పుస్తకం వేశారు. ఆయనకి మీరు రాసిన ఉత్తరం చూశాను. ‘మీ పాత్రల అంతర్మథనం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. నేల వాసన వేసే మీ వచనంలో ఒక తరం వేదన ఉంది. మా రీడర్స్ క్లబ్ మీ కోసం ఎదురు చూస్తోంది’ అన్నారు. ఆ పుస్తకంలో ఉన్న వేదనల్లా పల్లాకు తెగులు. దాన్ని వ్యాప్తి చేసేది తెల్లదోమ. ఆయన ఆ మాటే జవాబు రాస్తే, ‘ప్రతినాయక పాత్ర చిత్రణ అద్భుతం, స్పాట్‌లైట్ ప్యాకేజీకి ఈ రోజే ఆఖరు’ అని మళ్లీ మెయిల్ కొట్టారు. ములగచెట్టు ఎక్కించే ముందు ఎక్కేది ఎవరో చూసుకోవద్దూ?

‘రచయితని డబ్బు అడిగారా, అది మోసమే’ అని ఇంగ్లీషు వాళ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వాళ్లకి చెల్లుతుంది. మా దగ్గర ఆ సూత్రం పనిచెయ్యదని మీకు బాగా తెలుసు, అందుకే మా మీద మీకింత ప్రేమ. తెలుగులో పుస్తకం వేయడమంటే చాలామందికి సొంత డబ్బు పెట్టుకోవడమే. డీటీపీకి ఇంత, ముఖచిత్రానికి ఇంత, అచ్చయ్యే ఒక్కో ఫారానికి ఇంత అని ప్రెస్సాయన కాగితం మీద రాసిస్తాడు. ప్రూఫులు మనమే దిద్దుకుంటాం. ఓ రోజు ఆటోలో పుస్తకాల కట్టలు దిగుతాయి. మంచం కింద సర్దుకుంటాం. లోపలి పేజీలో ‘ప్రతులకు:’ అన్న చోట మన ఇంటి నంబరే ఉంటుంది. అవి అమ్ముడుపోకపోవచ్చు. పెళ్లికెళ్లినప్పుడు చదివింపులుగా పనికి రావచ్చు. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో ఎవరి స్టాల్లోనో ఓ మూల పెట్టమని బతిమాలుకోవచ్చు. ఏం చేసుకున్నా ఆ కట్టలు మనవి, హక్కులు మనవి. పైగా ప్రెస్సాయన నన్ను ఏనాడూ మహాకవి అనలేదు. ‘బాలెన్స్ ఎప్పుడిస్తారండీ’ అని మాత్రం అడిగాడు.

మీ దగ్గర అంతా తలకిందులు. డబ్బు నాది, హక్కులు మీవి. పుస్తకం ‘ప్రింట్ ఆన్ డిమాండ్’ అట, అంటే ఎవరైనా అడిగితేనే అచ్చు వేస్తారు. ఆ డిమాండ్ కూడా నేనే తెచ్చుకోవాలి. నా పుస్తకం నేనే కొనుక్కుంటే ‘రచయితలకు ప్రత్యేక డిస్కౌంట్’ ఇస్తామన్నారు, మీ దయ.

మీరు పంపిన ఒప్పందం పూర్తిగా చదివాను. వెనక పేజీల్లో చిన్న అక్షరాల్లో ‘ప్రపంచమంతటా, అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో, కాపీరైట్ ఉన్నంత కాలం’ అని ఉంది. మన దేశంలో కాపీరైట్ రచయిత బతికినన్నాళ్లూ ఉండి, ఆయన పోయాక ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. అంటే నా మనవడు తాతయ్య కథ ఒకటి స్కూల్ మేగజైన్‌లో వేసుకోవాలన్నా మీ అనుమతి కావాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ మాలాంటి వాళ్ల మతిమరుపుని ముందే ఊహించింది. హక్కుల బదిలీ సంతకంతో కాగితం మీద ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే, ఎక్కడికో రాయకపోతే ఇండియా వరకే అంటుంది. అందుకే మీరు ఆ రెండూ పొరపాటున కూడా మర్చిపోలేదు. పుస్తకం ఎన్నాళ్లలో వేస్తారు, అమ్మకాల లెక్క ఎప్పుడు చూపిస్తారు, అచ్చు ఆపేస్తే హక్కులు నాకెలా తిరిగొస్తాయి, ఇవి మాత్రం ఎందుకో జ్ఞాపకం రాలేదు.

మీ ప్యాకేజీలో ‘ఐఎస్‌బీఎన్ చార్జీలు’, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరుకి చార్జీలు, అన్న లైను చూసి ముచ్చటేసింది. కేంద్ర విద్యాశాఖ కింద ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ పేరిట ఉన్న ఏజెన్సీ ఆ నంబరు ఉచితంగా ఇస్తుంది, సొంతంగా పుస్తకం వేసుకునే రచయితకి కూడా. ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవాలి, కాస్త ఓపిక పట్టాలి. దాని కిందే ‘కాపీరైట్ రిజిస్ట్రేషన్’ ఉంది. రాసినప్పుడే కాపీరైట్ వచ్చేస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటానంటే సాహిత్య రచనకి ప్రభుత్వ ఫీజు 500 రూపాయలు. మీ కాగితంలో సున్నాలు ఎక్కువ పడ్డాయి, ప్రూఫులు చూసుకోండి.

మీరు అమ్మే గౌరవ డాక్టరేట్ల గురించి ఎక్కువ రాయను. డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం అధికారం ఇచ్చిన విశ్వవిద్యాలయాలకీ, సంస్థలకే ఉంటుందని 1956 యూజీసీ (విశ్వవిద్యాలయాల్ని పర్యవేక్షించే కేంద్ర సంస్థ) చట్టం చెబుతుంది, నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా యూజీసీ వెబ్‌సైట్లోనే ఉంటుంది. అయినా శాలువా, మెమెంటో, ఫొటో కలిపి మావాళ్లు కొందరు తెలిసే కొనుక్కుంటున్నారు. వాళ్లు మీ బాధితులు కారు, మీ కస్టమర్లు. మీరూ మీరూ చూసుకోండి.

మీ బంధువర్గం పెద్దదే. ఫిలిప్పో బెర్నార్డినీ అని లండన్‌లో ఒక పెద్ద ప్రచురణ సంస్థ ఉద్యోగి. పేరున్న సంపాదకుల్లా, ఏజెంట్లలా మెయిళ్లు రాసి, అచ్చుకాని రాతప్రతులు వెయ్యికి పైగా రాబట్టాడు. ఇంగ్లీషు ‘ఎం’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెట్టి దొంగ చిరునామాలు సృష్టించేవాడు. రెండూ కలిసి అచ్చం ‘ఎం’ లాగే కనిపిస్తాయి, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప తెలీదు. 2022 జనవరిలో న్యూయార్క్‌లో దొరికాడు, 2023లో నేరం ఒప్పుకున్నాడు. అప్పట్నుంచీ మీ చిరునామా చూడగానే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నాను. ఇక సినిమా ఆశ చూపించే శాఖ ఉంది. అమెరికాలో శాన్ డియేగో ప్రాసిక్యూటర్లు పెట్టిన కేసులో, 2017 నుంచి 2024 దాకా 800 మందికి పైగా రచయితల దగ్గర 4.4 కోట్ల డాలర్లు లాగారన్నది అభియోగం. ‘మీ పుస్తకం సినిమా తీస్తారట, ముందు ఈ ఫీజులు కట్టండి’ అనేదే వాళ్ల పాట కూడా.

ఆ పాటే నిన్న మీరు నాకు వినిపించారు. ఓటీటీ వాళ్లకి నా కథ తెగ నచ్చిందట, అంత పెద్ద కంపెనీకీ మామూలు జీమెయిలే గతట! ‘అడ్వాన్స్ రాయల్టీ పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అన్నారు. యూపీఐలో డబ్బు పంపేవాడు పిన్ కొడతాడు గానీ పుచ్చుకునేవాడు కొట్టడు. ‘అయితే టాక్స్ ముందు కట్టండి’ అన్నారు. రాయల్టీ ఇచ్చేవాడు ఆదాయపు పన్ను (టీడీఎస్) ముందే కోసుకుని మిగతాది వేస్తాడు, రచయితని చిల్లర అడగడు. మీ మెసేజ్ స్క్రీన్‌షాట్లూ, మీ నంబరూ దాచి ఉంచాను. సైబర్ నేరాలకి 1930 అని ఒక ఫోన్ నంబరుంది, వాళ్లకీ సాహిత్యం మీద ఆసక్తి ఉండొచ్చు.

ఇంతకీ మీ ఆఫర్ నేను కాదనలేదు. ప్రాసెసింగ్ ఫీజు, జ్యూరీ ఫీజు, స్పాట్‌లైట్ ఫీజు అన్నీ నాకు సమ్మతమే. నా పుస్తకం లక్షల్లో అమ్ముడుపోతుందని మీరే రాశారు కనక, వాటిని నా మొదటి రాయల్టీలోంచి కోసుకోండి. మిగిలింది చెక్కు రాసి స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టుమాన్ మధ్యాహ్నం పూట వస్తాడు, నేను ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీరు ఎంపిక చేసిన రచయిత