ఇంకో పొడిగింపు వద్దు

2025 డిసెంబరులో రాస్తున్న మాట ఇది. ఈ నెల 31తో విదేశీ పత్తికి ఇచ్చిన సుంకం మినహాయింపు గడువు తీరిపోతుంది. తీరిపోవాలి కూడా. కానీ మిల్లుల సంఘాలు అప్పుడే ఢిల్లీ చుట్టూ తిరుగుతున్నాయి, ఇంకొన్నాళ్ళు పొడిగించమని, వీలైతే సుంకాన్ని పూర్తిగానే ఎత్తేయమని. ఆగస్టులో ఏం జరిగిందో కళ్ళారా చూసినవాళ్ళం కాబట్టి మాకు భయంగా ఉంది. డిసెంబరు చివరి రోజుల్లో ఏ నోటిఫికేషన్ వచ్చిపడుతుందో అన్న టెన్షన్ మునుగోడు నుంచి కల్వకుర్తి దాకా పత్తి పెట్టిన ప్రతి ఇంట్లోనూ ఉంది.

జరిగింది అందరికీ తెలిసిందే. అమెరికా 2025 ఆగస్టు 7 నుంచి మన సరుకుల మీద 25 శాతం, 27 నుంచి మొత్తం 50 శాతం సుంకం వేసింది. తిరుప్పూర్‌లో ఆర్డర్లు ఆగాయి, బట్టల ఎగుమతిదారులు గగ్గోలు పెట్టారు, కేంద్రం ఆగస్టు 19 నుంచి పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని తీసేసింది. సెప్టెంబరు 30 వరకే, తాత్కాలికం అన్నారు. అక్కడితో ఆగి ఉంటే మేము ఈ సంపాదకీయం రాసేవాళ్ళం కాదు, ఎందుకంటే సెప్టెంబరులో మన చేలల్లో ఇంకా కాయ పూర్తిగా పగలదు. పది రోజులు తిరక్కుండానే, ఆగస్టు 28న, గడువును డిసెంబరు 31కి మార్చారు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. మన రైతు పత్తి ఏరి, బోరాలకెత్తి, ట్రాలీ ఆటోల్లో మార్కెట్‌కు తెచ్చే మూడు నెలలు సరిగ్గా అవే. ఆ మూడు నెలలే ఎంచుకుని గేటు బార్లా తీశారు.

తాత్కాలికం అన్న ఈ మాటే మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతోంది. ఇది మొదటిసారి కాదు. 2021 బడ్జెట్‌లో వేసిన ఈ సుంకాన్ని 2022 ఏప్రిల్ 14న ఒకసారి తీశారు, సెప్టెంబరు 30 వరకే అన్నారు, తర్వాత అక్టోబరు 31 దాకా సాగదీశారు. అప్పుడు బయట క్వింటాలు పది వేలు దాటి పలుకుతోంది కాబట్టి రైతుకు దెబ్బ తగల్లేదు, ఎవరూ నోరెత్తలేదు, మేమూ గట్టిగా రాయలేదు. ఆ మౌనమే ఇవాళ ముందరి ఉదాహరణగా మారింది. ధర బాగున్నప్పుడు తెరిచిన తలుపును ధర పడిపోయినప్పుడు కూడా తెరిచారు. ఇప్పుడు మళ్ళీ పొడిగిస్తే, ఇక ప్రతి ఏడాదీ మిల్లులు అడగడం, ఢిల్లీ ఇవ్వడం ఆనవాయితీ అయిపోతుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. కంది విషయంలో మన పాలమూరు ఇప్పటికే అనుభవిస్తోంది. 2021 మే నెలలో కంది దిగుమతులకు ఆంక్షలు ఎత్తేసినప్పుడూ కొన్ని నెలలకే అన్నారు. ఆ కొన్ని నెలలు ఏడాది అయింది, ఏడాది మీద ఏడాది అయింది, 2025లో దాన్ని 2026 మార్చి 31 దాకా పొడిగించారు. నారాయణపేట మార్కెట్‌లో కంది రాశి పోసుకుని కూర్చున్న రైతు ఆఫ్రికా కందితో పోటీ పడుతున్నాడు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 8,000 అని కాగితం మీద ఉంది. వంటనూనె సంగతి ఇంకా పాతది. 1990ల మొదట్లో దేశం నూనెగింజల్లో దాదాపు తన కాళ్ళ మీద తాను నిలబడింది. తర్వాత సుంకాలు తగ్గించుకుంటూ పోయారు, పామాయిల్ ఓడలు వచ్చాయి, ఇవాళ మనం తినే నూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. వేరుశనగ పండే వనపర్తి, గద్వాల ప్రాంతాల వాళ్ళకు ఈ చరిత్ర ఎవరూ చెప్పక్కర్లేదు. రేపు పత్తి కూడా ఆ దారిన పోతే దాన్ని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు.

ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని రైతుల కోసం, పశుపోషకుల కోసం, మత్స్యకారుల కోసం గోడలా నిలబడతానన్నారు. అంతకు వారం ముందు, ఆగస్టు 7న, రైతుల ప్రయోజనాల విషయంలో రాజీ పడబోమని, దానికి తాను వ్యక్తిగతంగా మూల్యం చెల్లించాల్సి వచ్చినా సిద్ధమేనని చెప్పారు. ఆ రోజు జాతీయ చేనేత దినోత్సవం కూడా, 1905లో కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజు. ఎర్రకోట మాట చెప్పిన మూడో రోజునే సుంకం ఎత్తేసే నోటిఫికేషన్ తయారైంది. గోడ అన్నాక మూడు రోజులైనా నిలవాలి కదా! స్వదేశీ కొనండి అని దుకాణదారులకు చెప్పే ప్రభుత్వం, మిల్లులకు మాత్రం విదేశీ పత్తి కొనుక్కోండి, పన్ను కూడా వదిలేస్తాం అని ఎలా చెబుతుంది? ఈ రెండు మాటలూ ఒకే నోటి నుంచి వచ్చాయి. దీన్ని కపటం అనక ఇంకేమనాలి?

నల్లగొండ జిల్లా ఒక్కటే 5 లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తుంది. పొద్దున్నే ఇక్కడి ఏ కొనుగోలు కేంద్రం దగ్గరికైనా వెళ్ళి నిలబడి చూడండి. రోడ్డు పక్కన ట్రాక్టర్లు, డీసీఎంలు వరుసగా ఉంటాయి, డ్రైవర్ కిరాయి మీటర్ రాత్రి నుంచే తిరుగుతూ ఉంటుంది. ఒక పెద్దావిడ బోరా మూతి విప్పి, పిడికెడు పత్తి తీసి చెంపకు ఆనించి చూసుకుంటుంది, చెమ్మ ఉందో లేదో ఆమెకు ఏ మీటరూ అక్కర్లేకుండానే తెలుసు. కాసేపటికి కేంద్రంలో తేమ మీటర్ గుచ్చుతారు. 14 శాతం చూపిస్తుంది. 12 దాటితే తీసుకోరు. 8 దాటితే ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత, అంటే 12 దగ్గర 2025-26 మద్దతు ధర 8,110 కాస్తా 7,786కి దిగుతుంది. అక్టోబరు చివర తుపాను వానలకు చేనులోనే తడిసిన పత్తి అది, పైగా రాత్రి మంచు. ఆమె బండి వెనక్కి తిప్పించాలి లేదా గేటు బయట నిలబడ్డ దళారీకి ఇచ్చేయాలి. అతను మద్దతు ధర కంటే వెయ్యి, పదిహేను వందలు తక్కువ చెబుతాడు. ఏరిన కూలీలకు కిలోకు పది పదిహేను రూపాయలు ఆమె అప్పటికే చేతి నుంచి ఇచ్చేసి ఉంటుంది, కాబట్టి ఇచ్చేస్తుంది.

ఆ దళారీకి అంత తక్కువ చెప్పే ధైర్యం ఎక్కడి నుంచి వచ్చింది? సుంకం లేని విదేశీ బేళ్ళు రేవులో దిగుతున్నాయని అతనికీ తెలుసు, అతని వెనకున్న వ్యాపారికీ తెలుసు. ఆగస్టులో సుంకం తీసిన వారంలోనే భారత పత్తి సంస్థ తన దగ్గరున్న దూది ధరను క్యాండీకి (356 కిలోలకు) మొత్తం 1,100 రూపాయలు తగ్గించింది. ఆ తగ్గింపు కిందికి జారుకుంటూ వచ్చి ఈ పెద్దావిడ బోరా దగ్గర ఆగింది.

పైగా ఈసారి పత్తి సంస్థ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకుంటేనే అమ్మకం. ఓటీపీ పట్టాదారు ఫోన్‌కు పోతుంది, కౌలు రైతు ఆ పట్టాదారు ఎప్పుడు ఫోన్ ఎత్తుతాడా అని చూడాలి. నవంబరులో ఎకరానికి 7 క్వింటాళ్ళే కొంటామన్న పరిమితి తెచ్చారు. మిల్లుకు ఎన్ని బేళ్ళు తెచ్చుకున్నా పరిమితి లేదు, తేమ లేదు, యాప్ లేదు. రైతుకు మాత్రం ఎకరం లెక్క.

మిల్లుల వాదన కూడా చెప్పాలి. దేశంలో పత్తి దిగుబడి తగ్గింది, 2013-14లో 398 లక్షల బేళ్ళు ఉన్నది ఇప్పుడు 300 లక్షల చుట్టూనే ఉంది, చవక పత్తి లేకపోతే బంగ్లాదేశ్‌తో, వియత్నాంతో పోటీ పడలేమని వాళ్ళంటారు. తిరుప్పూర్ కార్మికుడి కష్టం అబద్ధం కాదు, ఆదుకోవాల్సిందే. అయితే దిగుబడి ఎందుకు తగ్గింది? గులాబీ పురుగు చేలను తినేస్తోంది, 2006లో వచ్చిన బీజీ-2 అనే బీటీ పత్తి విత్తనం తర్వాత కొత్త విత్తన రకమేదీ రైతు చేతికి రాలేదు. దేశానికంతటికీ పత్తి విత్తనం పండించి ఇచ్చే గద్వాల రైతులకు ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. రైతు దగ్గర సరుకు తగ్గిందని బయటి నుంచి తెచ్చి అతని ధర ఇంకా తొక్కేస్తే, వచ్చే ఏడు అతను పత్తి మానేస్తాడు. అప్పుడు మిల్లు పూర్తిగా ఓడ మీదే బతకాలి. ఆ ఓడ వాడు ఎంత చెబితే అంత.

మేము సాయం వద్దనడం లేదు. మిల్లుకు సాయం చేయాలంటే ఖజానా నుంచి చేయండి, రైతు జేబులోంచి కాదు. ఖజానా నుంచి చేయగలరని 2025 నవంబరు 12న కేంద్ర మంత్రివర్గమే చూపించింది, ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కు 25,060 కోట్లు, ఎగుమతిదారుల అప్పులకు 20,000 కోట్ల దాకా గ్యారంటీ ఇస్తూ. ఇన్ని వేల కోట్లు ఇచ్చాక కూడా పత్తి సుంకం మాఫీ ఎందుకు? అమెరికానే చూడండి. వాళ్ళ వాణిజ్య యుద్ధంలో వాళ్ళ రైతు నష్టపోతే 2018, 2019లో 28 బిలియన్ డాలర్ల సాయం ప్రకటించారు, మొన్న 2025 డిసెంబరు 8న మళ్ళీ 12 బిలియన్లు ప్రకటించారు. వాళ్ళు సుంకం వేసి కూడా తమ రైతుకు డబ్బిస్తున్నారు. మనం సుంకం దెబ్బ తిని, ఆ అమెరికా పత్తికే మన గేటు తీసి, మన రైతు ధర పడగొట్టుకున్నాం.

సాయం చేసేటప్పుడు షరతు పెట్టడం కూడా కొత్తేమీ కాదు. ఒక టెలికాం కంపెనీ 36,950 కోట్ల బకాయి కట్టలేనంటే 2025లో ప్రభుత్వం ఆ బకాయికి బదులు షేర్లు తీసుకుంది, వొడాఫోన్ ఐడియాలో 48.99 శాతం వాటా ప్రభుత్వానిదైంది. అది సరైన పనో కాదో వేరే చర్చ, కనీసం బదులుగా ఏదో ఒకటి తీసుకున్నారు. సుంకం మాఫీకి బదులు మిల్లుల నుంచి ఏం తీసుకున్నారు? కార్మికులను తీసేయకూడదన్న షరతు లేదు, దేశీ పత్తి ఇంత కొనాలన్న షరతు లేదు, చేనేతకు ఇంత ధరకు నూలు ఇవ్వాలన్న షరతు లేదు. 2019లో కార్పొరేట్ పన్ను 30 నుంచి 22 శాతానికి, కొత్త ఫ్యాక్టరీలకు 15 శాతానికి తగ్గించినప్పుడూ ఇంతే. ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకున్నారు, పెట్టుబడులు అవే వస్తాయన్నారు. జీడీపీలో తయారీ రంగం వాటా 25 శాతం చేస్తామన్నవాళ్ళు ఇప్పటికీ 17 దగ్గరే ఉన్నారు. షరతు లేకుండా ఇచ్చింది ఎవరి దగ్గర మిగిలిపోతుందో అప్పుడే తేలిపోయింది.

తయారీ అంటే మనకు ఏం అర్థమవుతుందో కూడా ఒక మాట. నల్లగొండ చేను నుంచి పోచంపల్లి మగ్గానికి రెండు గంటల దారి కూడా లేదు. కానీ మన పత్తి బేలుగా కట్టి తమిళనాడుకు పోతుంది, అక్కడ నూలై, వందల కిలోమీటర్లు తిరిగి మళ్ళీ పోచంపల్లికి వస్తుంది, లారీ కిరాయి, మధ్యవాళ్ళ లాభం అన్నీ వేసుకుని. చిటికి కట్టి (నూలు పోగులను ముడివేసి), రంగు అద్ది, గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని నేసేవాడి దగ్గరికి వచ్చేసరికి మిగిలేది కూలి మాత్రమే. అతని చీర పక్కనే సూరత్ ప్రింటు చీర అదే డిజైన్‌తో, పదో వంతు ధరకు వేలాడుతూ ఉంటుంది. 2005లోనే జీఐ (ఈ ప్రాంతానికే చెందిన సరుకన్న) గుర్తింపు వచ్చిన నేత ఇది. తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం (నేతకు ముందు పోగులు చుట్టే యంత్రం) తయారుచేసిన చింతకింది మల్లేశం, 2017లో పద్మశ్రీ అందుకున్న మనిషి, ఆలేరు పక్క శారాజీపేట వాడే. ఈ ఉమ్మడి నల్లగొండ జిల్లాకు తెలివి తక్కువ కాలేదు, చేతి పని తక్కువ కాలేదు. చేనుకూ మగ్గానికీ మధ్య ఉండాల్సిన నూలు మిల్లు తక్కువైంది. ఆ మిల్లు ఇక్కడ పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసిందో కూడా అడుగుతాం. నల్లగొండ మంత్రులు ఢిల్లీని తిట్టి ఊరుకుంటే సరిపోదు, ఈ పని వాళ్ళ చేతిలో ఉన్నదే.

దక్షిణ తెలంగాణ నుంచి లోక్‌సభలో నలుగురున్నారు. నల్లగొండ, భువనగిరి, నాగర్‌కర్నూల్ కాంగ్రెస్‌వి, మహబూబ్‌నగర్ బీజేపీది. 2025 శీతాకాల సమావేశాలు డిసెంబరు 19తో ముగుస్తాయి. అంటే ఇంకా కొన్ని రోజులున్నాయి. పార్టీలు పక్కన పెట్టి నలుగురూ ఒకే ప్రశ్న వేయండి: డిసెంబరు 31 తర్వాత సుంకం తిరిగి వేస్తున్నారా, లేదా? అవునా కాదా అన్న జవాబు సభలోనే, రికార్డులోకి ఎక్కేలా తీసుకోండి. పాలక పక్షంలో ఉన్న మహబూబ్‌నగర్ ఎంపీ మీద ఈ బాధ్యత ఎక్కువ, ఎందుకంటే మంత్రి తలుపు ఆమెకు తెరిచే ఉంటుంది. ఓట్లకు వచ్చినప్పుడు పత్తి చేలో దిగి ఫొటోలు దిగారు, ఆ చేను వాళ్ళకు ఇవాళ మీతో పని పడింది. సమావేశాలు అయిపోయాక ప్రెస్‌మీట్ పెట్టి కేంద్రం అన్యాయం చేసిందనో, రాష్ట్రం చేతకానిదనో చెబితే మేము వార్తగా వేస్తాం కానీ, ఆ మాటలు ఎవరూ నమ్మరు.